ఎవరి కెరీర్ నాశనమైంది?

2025 ఆగస్టు 22న లండన్ హైకోర్టు ఒక పరువు నష్టం దావాను కొట్టేసింది. దావా వేసినవాడు నోయెల్ క్లార్క్. బ్రిటన్‌లో పేరున్న నటుడు, రచయిత, దర్శకుడు, నిర్మాత. దావా 'గార్డియన్' పత్రిక మీద. తనతో పనిచేసిన స్త్రీలు చేసిన ఆరోపణలను ఆ పత్రిక 2021 ఏప్రిల్ నుంచి వరసగా ప్రచురించి తన కెరీర్‌ను నాశనం చేసిందని అతని వాదన. గెలిస్తే 7 కోట్ల పౌండ్ల దాకా రాబట్టాలని చూశాడు. కోర్టు రెండు వైపులా విన్నది. పత్రిక రాసింది సారాంశంలో నిజమేననీ, ప్రజా ప్రయోజనం కోసం రాసిందేననీ తేల్చింది.

ఇలాంటి కేసు ఏ దేశంలో వచ్చినా, తీర్పు ఏదైనా, వెంటనే వినిపించే మాట ఒకటుంది. "పాపం, ఎంత కష్టపడి పైకొచ్చాడు! మొత్తం పోయింది కదా!" ఈ మాట అనేవాళ్ళలో మగవాళ్ళే కాదు, ఆడవాళ్ళూ ఉంటారు. మన మీటింగుల్లో కూడా ఎవరో ఒకరు గొంతు తగ్గించి ఈ మాట అంటారు. ఎన్ని సినిమాలు, ఎన్ని అవార్డులు, ఎన్నేళ్ళ కష్టం అని లెక్క మొదలవుతుంది. ఆ లెక్కంతా ఒక మనిషి ఖాతాలోనే రాస్తారు. అదే సెట్లో, అదే ఆఫీసులో పనిచేసిన స్త్రీలకు కూడా కెరీర్ ఉందనీ, అందులోనూ ఏళ్ళ కష్టం ఉందనీ ఎవరికీ గుర్తుండదు. ఈ వ్యాసం ఆ రెండో ఖాతా గురించి.

ముందు అతని కథ

అతని కెరీర్ చిన్నదేం కాదు. దాన్ని తక్కువ చేసి చూపాల్సిన అవసరం మనకు లేదు. 1975లో పుట్టాడు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబం. పడమటి లండన్‌లో తల్లి పెంపకంలో పెరిగాడు. 2003లో రంగస్థల నటనకు లారెన్స్ ఒలివియే అవార్డు వచ్చింది. 2005 నుంచి బీబీసీ సీరియల్ 'డాక్టర్ హూ'లో మికీ స్మిత్ పాత్రతో ఇంటింటికీ తెలిసిన ముఖమయ్యాడు. 2006లో వచ్చిన 'కిడల్ట్‌హుడ్' సినిమాకు కథ రాసి అందులో నటించాడు. పడమటి లండన్ కుర్రకారు జీవితాన్ని వాళ్ళ భాషలో చూపిన సినిమా అది. దానికి కొనసాగింపుగా 2008లో 'అడల్ట్‌హుడ్', 2016లో 'బ్రదర్‌హుడ్' వచ్చాయి. ఆ రెండింటికీ రచన, దర్శకత్వం, ముఖ్యపాత్ర అన్నీ తనే. 2009లో బ్రిటిష్ సినిమా అకాడమీ బాఫ్టా అతనికి వర్ధమాన తార అవార్డు ఇచ్చింది. తర్వాత సొంత నిర్మాణ సంస్థ పెట్టుకున్నాడు. స్కై చానల్‌లో 'బుల్లెట్‌ప్రూఫ్' అనే పోలీసు సీరియల్ నడిపాడు. 2021 ఏప్రిల్ 10న అదే బాఫ్టా బ్రిటిష్ సినిమాకు విశిష్ట సేవ చేసినందుకు అతన్ని సత్కరించింది.

తెల్లవాళ్ళ చేతుల్లో ఉన్న పరిశ్రమలో ఒక నల్లజాతి కుర్రాడు ఇంత దూరం రావడం మామూలు విషయం కాదు. అతని సినిమాల వల్ల అంతవరకూ తెర మీద కనిపించని మనుషులు కనిపించారు. ఇదంతా నిజం.

సత్కారం జరిగిన 19 రోజులకు, ఏప్రిల్ 29న, 'గార్డియన్' 20 మంది స్త్రీల ఆరోపణలను ప్రచురించింది. అతను వాటిని ఖండించాడు. తన 20 ఏళ్ళ కెరీర్‌లో తన మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదన్నాడు. మర్నాడు ఇంకో ప్రకటన చేశాడు. తన ప్రవర్తన కొందరిని తాను అనుకోని విధంగా బాధించిందని ఇప్పుడు తెలిసిందనీ, వాళ్ళకు క్షమాపణలు చెబుతున్నాననీ, లైంగిక దుష్ప్రవర్తన మాత్రం అబద్ధమనీ దాని సారాంశం.

ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?

'ఒక్క ఫిర్యాదు కూడా లేదు' అన్న ఆ వాక్యాన్ని మనం వదిలిపెట్టకూడదు. ఇది మనకు కొత్త వాక్యం కాదు. మిల్లు యజమాని అంటాడు, కాలేజీ ప్రిన్సిపాల్ అంటాడు, అప్పుడప్పుడూ స్వచ్ఛంద సంస్థ డైరెక్టరు కూడా అంటాడు. ఫిర్యాదు రాలేదంటే వేధింపు లేదనే అర్థం వాళ్ళు చెబుతారు. ఫిర్యాదు ఎందుకు రాలేదు అన్నది మనం అడగాలి.

క్లార్క్ కెరీర్‌నే ఈ ప్రశ్నతో మళ్ళీ చదువుదాం. నటుడిగా ఉన్నప్పుడు ఒకరు ఇచ్చిన పాత్ర వేసేవాడు. రచయిత అయ్యాక ఏ పాత్ర ఉండాలో నిర్ణయించగలిగాడు. దర్శకుడయ్యాక ఆ పాత్ర ఎవరు వేయాలో, ఏ సీను ఎలా తీయాలో అతని మాటే చెల్లింది. నిర్మాతయ్యాక ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవర్ని రేపటి నుంచి రావద్దనాలో కూడా అతని చేతికే వచ్చింది. పైకి వెళ్ళిన ప్రతి మెట్టుతోనూ అతని చేతిలో ఇతరుల అన్నం చేరింది. కెరీర్ అని మనం పిలిచేది ప్రతిభ ఒక్కటే కాదు. ఇతరుల అవకాశాల మీద వచ్చే అధికారం కూడా అందులో ఉంది.

సినిమా, టీవీ పనిలో ఉద్యోగాలు నెలజీతం ఉద్యోగాలు కావు. ఒక సినిమాకు ఆరు వారాలు, ఒక సీరియల్‌కు మూడు నెలలు. ఆ తర్వాత మళ్ళీ వెతుక్కోవాలి. అపాయింట్‌మెంట్ ఆర్డరు బదులు నోటిమాట. పాత పనిలో ఎలా ఉందో ఒకరు ఫోన్ చేసి ఇంకొకరిని అడిగి తెలుసుకుంటారు. 'ఆమెతో కష్టం' అని ఒక్క మాట అంటే చాలు, ఆ అమ్మాయికి ఇంక ఫోన్ రాదు. ఎందుకు రాలేదో కూడా ఆమెకు తెలియదు. ఇలాంటి చోట దర్శకుడు, నిర్మాత, హీరో ముగ్గురూ ఒకడే అయినప్పుడు అతని మీద ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి? కంచే చేను మేస్తే చేను ఎవరితో చెప్పుకోవాలి?

పత్రికతో మాట్లాడిన స్త్రీలు ఇన్నాళ్ళూ ఎందుకు మాట్లాడలేదో చెప్పిన కారణం ఇదే. మాట్లాడితే పని పోతుందని భయం. వాళ్ళ మౌనానికి కారణం అతని కెరీర్ ఎదగడమే. ఆ మౌనాన్నే తన మంచితనానికి సాక్ష్యంగా అతను చూపించాడు.

అవార్డు ఇచ్చినవాళ్ళ సంగతి

ఇందులో అతనొక్కడే ముద్దాయి అనుకుంటే పొరపాటు. విశిష్ట సేవ అవార్డును బాఫ్టా 2021 మార్చి 29న ప్రకటించింది. వెంటనే ఆ సంస్థకు పేరు లేని ఈమెయిళ్ళు, మధ్యవర్తుల ద్వారా సమాచారం అందాయి. అంటే అవార్డు చేతికివ్వడానికి ముందు నుంచే ఆరోపణలున్నాయని వాళ్ళకు తెలుసు. అయినా అవార్డు ఇచ్చారు. ఆరోపణలు చేసినవాళ్ళు స్వయంగా వచ్చి చెప్పలేదు కాబట్టి తాము ఏమీ చేయలేకపోయామని తర్వాత సంజాయిషీ ఇచ్చారు.

పత్రికలో వార్త రాగానే కొన్ని గంటల్లోనే అవార్డునూ, సభ్యత్వాన్నీ సస్పెండ్ చేశారు. అంటే సస్పెండ్ చేసే అధికారం వాళ్ళకు ఉంది. ఆ పని గంటల్లో చేయగలరు. స్త్రీలు రహస్యంగా చెప్పినప్పుడు ఆ అధికారం గుర్తు రాలేదు, పత్రికలో పడి తమ పరువు పోతుందనుకున్నప్పుడు గుర్తొచ్చింది. విచారణ పూర్తయ్యే దాకా ఒక అవార్డును వాయిదా వేస్తే ఆకాశం విరిగి పడదు. వాయిదా అంటే శిక్ష కాదు. ఈ చిన్న సంగతి అంత పెద్ద సంస్థకు తోచలేదా?

పేరు చెప్పి ముందుకు రమ్మంటున్నారు. వస్తే ఏమవుతుందో చూద్దాం. ఐటీవీ చానల్ అదే వారం రోజూ ప్రసారం చేస్తున్న అతని సీరియల్ 'వ్యూపాయింట్' చివరి భాగాన్ని ఏప్రిల్ 30న టీవీలో వేయకుండా ఆపేసింది. స్కై 'బుల్లెట్‌ప్రూఫ్'ను రద్దు చేసింది. వాటిల్లో పనిచేసిన నటీనటులు, కెమెరా వాళ్ళు, మేకప్ వాళ్ళు, బట్టలు కుట్టినవాళ్ళు, వీళ్ళందరి శ్రమా మరుగున పడింది. ఈ నష్టాన్ని కూడా మాట్లాడిన స్త్రీల నెత్తినే వేస్తారు. 'నీవల్ల ఇంతమంది నోటి దగ్గర కూడు పోయింది' అంటారు. వందమంది బతుకును ఒక్క మగవాడి చుట్టూ అల్లిపెట్టింది ఎవరు? అతని మీద సమాచారం వచ్చినా వినకుండా ఇంకో సీజన్, ఇంకో సినిమా అని డబ్బు పెట్టిన పెద్దలా, లేక నోరు విప్పిన అమ్మాయిలా?

దావా అనే ఆయుధం

2022లో క్లార్క్ పత్రిక మీద దావా వేశాడు. అదే ఏడాది మార్చిలో లండన్ పోలీసులు తమకు అందిన సమాచారం క్రిమినల్ దర్యాప్తు మొదలుపెట్టే స్థాయిలో లేదని చెప్పారు. అతన్ని సమర్థించేవాళ్ళకు అది చాలు. 'పోలీసులే కేసు లేదన్నారు' అంటూ స్త్రీలను అబద్ధాలకోరులుగా తేల్చేశారు.

పరువు నష్టం దావాలో ఒక విచిత్రం ఉంది. పత్రిక మీద వేసిన దావాలో స్త్రీలు కక్షిదారులు కారు. వాళ్ళు ఎవరి మీదా కేసు పెట్టలేదు, ఎవరినీ డబ్బు అడగలేదు. కానీ ఇంగ్లండ్ చట్టం ప్రకారం రాసింది నిజమని రుజువు చేసుకోవాల్సిన భారం పత్రికదే. పత్రిక రుజువు చేసుకోవాలంటే స్త్రీలు బోనెక్కాలి. ఏళ్ళ కిందట తమ ఒంటి మీద పడిన చేయి గురించి, తమ నగ్న చిత్రాల గురించి అతని లాయర్ల ముందు, అతను కూర్చుని చూస్తుండగా చెప్పాలి. ఆ రోజు ఏం బట్టలు వేసుకున్నావు, తర్వాత అతనికి నవ్వుతూ మెసేజ్ ఎందుకు పెట్టావు లాంటి ప్రశ్నలు ఇలాంటి విచారణల్లో ఎలా వస్తాయో కోర్టుల చుట్టూ తిరిగిన మనకు తెలుసు.

2025 వసంతంలో విచారణ జరిగింది. పత్రిక తరఫున 26 మంది సాక్షులు నిలబడ్డారు. వాళ్ళంతా కలిసి తన మీద కుట్ర చేశారని క్లార్క్ వాదించాడు. జస్టిస్ కరెన్ స్టెయిన్ ఆ కుట్ర వాదానికి ఆధారమే లేదన్నారు. అతని సాక్ష్యంలో కొంత అంగీకరించినా, మొత్తం మీద అతను నమ్మదగిన సాక్షి కాదని తేల్చారు.

కోర్టు ఏం తేల్చిందో మనం కచ్చితంగా చెప్పుకోవాలి. ఆ వార్తలకు అర్థం ఏమిటో 2023లోనే కోర్టు నిర్ధారించింది. క్లార్క్ 15 ఏళ్ళ పాటు తన అధికారాన్ని ఉపయోగించి సహోద్యోగులైన స్త్రీలను వేధించాడనీ, ఇష్టం లేకుండా తాకాడనీ, వాళ్ళ అనుమతి లేకుండా అశ్లీల ఫొటోలు, వీడియోలు తీసి ఇతరులకు చూపించాడనీ, ఒక యువనటి నగ్నంగా ఇచ్చిన ఆడిషన్‌ను రహస్యంగా చిత్రీకరించాడనీ నమ్మడానికి గట్టి ఆధారాలున్నాయి అన్నది ఆ అర్థం. 2025 తీర్పు ఆ అర్థం సారాంశంలో నిజమని చెప్పింది. ఇది సివిల్ తీర్పు. క్రిమినల్ కోర్టు వేసిన శిక్ష కాదు. ఈ తేడాను మనమే ముందు చెబుదాం. చెప్పినంత మాత్రాన తీర్పు బరువేమీ తగ్గదు. పోలీసులు ముందుకు పోని చోట, 26 మందిని ప్రమాణం చేయించి, ఎదురు ప్రశ్నలు వేయనిచ్చి, వారాల తరబడి విన్న తర్వాత వచ్చిన తీర్పు ఇది. 'మీడియా విచారణ' అని ఇకమీదట అనడానికి లేదు. మీడియాను కోర్టుకు ఈడ్చింది అతనే.

ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా నష్టం ఆకుకేనని మనకు చిన్నప్పటి నుంచి నూరిపోశారు. ఆ సామెత ప్రకృతి ధర్మం ఏమీ కాదు. ముల్లు చేత ఎవరూ పరిహారం కట్టించకపోవడం వల్ల ఇన్నాళ్ళు నిలిచిన సామెత అది. తీర్పు తర్వాత పత్రిక ఖర్చుల కింద కనీసం 30 లక్షల పౌండ్లు ముందుగా చెల్లించమని కోర్టు క్లార్క్‌ను ఆదేశించింది.

కానీ గెలిచిందని సంబరపడే ముందు ఒకటి ఆలోచించాలి. ఈ కేసును చివరిదాకా లాగగలిగిన పత్రిక ఎంత పెద్దది! అంత స్తోమత లేని పత్రిక అయితే లాయరు నోటీసు రాగానే ఒక మూల క్షమాపణ వేసి ఊరుకునేది. బీబీసీ టీవీ ప్రయోక్త జిమ్మీ సావిల్ సంగతి చూడండి. బతికినంతకాలం పిల్లల నేస్తంగా, దాతగా, సర్ బిరుదుతో వెలిగాడు. 2011లో చనిపోయాడు. 2012 అక్టోబరులో ఐటీవీ డాక్యుమెంటరీ వచ్చాకే అతని అఘాయిత్యాలు లోకానికి తెలిశాయి. 2013 జనవరిలో పోలీసులు ఇచ్చిన నివేదిక ప్రకారం సుమారు 450 మంది ముందుకొచ్చి చెప్పారు. చచ్చిపోయినవాడికి పరువు నష్టం దావా వేసే హక్కు లేదు. అతను చచ్చాక మాత్రమే నిజం బతికింది. అప్పటిదాకా ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయి, కొందరు ముసలివాళ్ళయ్యారు.

కొన్ని వాదనలు

ఈ కేసు గురించి మాట్లాడినప్పుడు ఎదురయ్యే వాదనలకు సమాధానం చెప్పుకోవాలి. వాటిలో కొన్ని మన మిత్రుల నుంచే వస్తాయి.

మొదటిది జాతి వివక్ష వాదన. తెల్లవాళ్ళ పరిశ్రమ ఒక నల్లవాడిని పైకి రానిచ్చి తొక్కేసిందనేది. ఈ వాదనను చులకన చేయకూడదు. ఇదే తప్పు చేసిన తెల్లవాళ్ళు ఎంతమంది హాయిగా తిరుగుతున్నారని అడిగే హక్కు నల్లజాతి వాళ్ళకుంది. సావిల్ తెల్లవాడే, చచ్చేదాకా ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు తెల్లవాళ్ళను కూడా నిలదీయడమే. నల్లవాడిని వదిలిపెట్టడం కాదు. మన దగ్గర దళిత ఉద్యమంలో, వామపక్ష ఉద్యమాల్లో స్త్రీలు ఈ నొప్పిని ఎప్పటి నుంచో మోస్తున్నారు. 'బయటివాళ్ళకు ఆయుధం ఇవ్వకు' అని వాళ్ళ నోరు నొక్కుతారు. పీడిత జాతి మగవాడి గౌరవాన్ని కాపాడే బరువు ఎప్పుడూ స్త్రీల మౌనం మీదే ఎందుకు పెడతారు? ఆ గౌరవాన్ని కాపాడుకోవాల్సిన బాధ్యత ముందు ఆ మగవాడిదే కదా!

రెండోది, 'ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నారు' అన్నది. దీనికి జవాబు పైన చెప్పుకున్నాం. అధికారం ఉన్నంతకాలం మాట్లాడటం కష్టం. ఒకరు మాట్లాడితే ఇంకొకరికి ధైర్యం వస్తుంది. 20 మంది ఒకేసారి మాట్లాడితే దాన్ని కుట్ర అంటారు. ఒక్కతే మాట్లాడితే ఆమె మాటకు సాక్ష్యం లేదంటారు. ఎంతమంది మాట్లాడితే సరైన లెక్క అవుతుందో ఈ పెద్దమనుషులు చెబితే బాగుండును.

మూడోది కళ వాదన. మనిషి వేరు, కళ వేరు అంటారు. సినిమా చూడటం మానాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ళు తేల్చుకోవచ్చు. కానీ ఆడిషన్ గది కళకు బయట లేదు. అది కళ తయారయ్యే చోటు. అక్కడ ఒక అమ్మాయి ఒంటిని దొంగతనంగా చిత్రీకరిస్తే అది కళాకారుడి వ్యక్తిగత జీవితంలో జరిగిన పని అవుతుందా? పని చోట, పని పేరుతో, పనిచేసే మనిషి మీద జరిగింది అది. కార్మిక హక్కుల సమస్య.

రెండో ఖాతా

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఒక మగవాడి కెరీర్ పోయిందంటే చూపించడానికి కాగితాలుంటాయి. రద్దయిన సీరియల్, ఆగిన సినిమా, వెనక్కి పోయిన అవార్డు, చేతికి రాని డబ్బు. లాయరు వాటిని కూడి 7 కోట్ల పౌండ్లు అని చెప్పగలడు.

వేధింపు భరించలేక ఆడిషన్లకు వెళ్ళడం మానేసిన అమ్మాయి నష్టాన్ని ఎవరు కూడతారు? ఆమె వేయని పాత్రలకు పేర్లుండవు. అందుకోని అవార్డును ఎవరూ వెనక్కి తీసుకోలేరు. 'ఆమెతో కష్టం' అన్న ఒక్క మాటతో ఆగిపోయిన ఫోన్లకు రసీదు ఉండదు. సినిమా రంగం వదిలి ఏ దుకాణంలోనో, ఏ ఆఫీసులోనో పనికి కుదిరిన స్త్రీని చూసి 'ఆమెకు అంత ప్రతిభ లేదేమో' అనుకుంటాం. పెళ్ళి చేసుకుని మానేసిందనుకుంటాం. ఆమె ఎందుకు మానేసిందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. దర్శకురాళ్ళు ఎందుకింత తక్కువ, కెమెరా వెనక స్త్రీలు ఎందుకు కనపడరు అని సెమినార్లు పెడుతుంటాం. వచ్చినవాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అందుకే 'అతని కెరీర్ నాశనమైంది' అనే వాక్యంలో రెండు అబద్ధాలున్నాయి. అతని కెరీర్‌ను నాశనం చేసింది అతను చేసిన పనులే. వాటిని బయటికి చెప్పినవాళ్ళు నాశనం చేశారనడం మొదటి అబద్ధం. నాశనమైంది అతని కెరీర్ ఒక్కటే అన్నట్టు మాట్లాడటం రెండోది.

మన దగ్గర

ఇది లండన్ సంగతి అని పక్కన పెట్టడానికి లేదు. పరువు నష్టాన్ని జైలు శిక్ష వేసే నేరంగా మనకు అంటగట్టింది బ్రిటిష్ పాలనే. 1860 శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లు పెట్టి రెండేళ్ళ జైలు రాశారు. బ్రిటన్ తన గడ్డ మీద పరువు నష్టాన్ని నేరాల జాబితాలోంచి 2009 చట్టంతో తీసేసింది. ఇప్పుడక్కడ అది సివిల్ తగాదా మాత్రమే. మనం మాత్రం దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాం. 2016లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్లను సమర్థించింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా అదే నేరం మళ్ళీ చేరింది. లండన్‌లో క్లార్క్ గెలిచి ఉంటే పత్రిక డబ్బు కట్టేది. మన దగ్గర అయితే మాట్లాడిన స్త్రీయే ముద్దాయి అయ్యే వీలుంది.

అలా అయింది కూడా. 2018 అక్టోబరులో జర్నలిస్టు ప్రియా రమణి అప్పటి కేంద్ర సహాయమంత్రి ఎం.జె. అక్బర్ పేరు బయటపెట్టింది. అతను ఆమె మీద క్రిమినల్ పరువు నష్టం కేసు వేశాడు. రెండేళ్ళకు పైగా ఆమె ముద్దాయిగా కోర్టు మెట్లెక్కింది. 2021 ఫిబ్రవరి 17న ఢిల్లీ కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలింది. స్త్రీ గౌరవాన్ని పణంగా పెట్టి మగవాడి పరువును కాపాడలేమనీ, ఏళ్ళు గడిచినా తనకు నచ్చిన వేదిక మీద తన బాధ చెప్పుకునే హక్కు స్త్రీకి ఉందనీ ఆ తీర్పు చెప్పింది. దాని మీద కూడా అక్బర్ పైకోర్టుకు వెళ్ళాడు. మన 2013 చట్టం పని చోట కమిటీకి ఫిర్యాదు చేయడానికి మూడు నెలలు గడువు ఇస్తుంది. కారణం చూపితే ఇంకో మూడు నెలలు. నోయెల్ క్లార్క్ కేసులో బయటపడింది 15 ఏళ్ళ చరిత్ర. ఆరు నెలల గడువు పెట్టి ఉంటే అందులో ఎంత మిగిలేది?

ఇక మన తెలుగు సినిమా రంగం. 2018 ఏప్రిల్‌లో హైదరాబాద్ ఫిల్మ్ చాంబర్ ముందు నటి శ్రీరెడ్డి చేసిన నిరసన గుర్తుందా? ఆమె చెప్పింది వినడానికి బదులు సభ్యత్వం ఇవ్వం, ఆమెతో ఎవరూ నటించరు అని మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ మొదట ప్రకటించింది. గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. స్త్రీ సంఘాల ఒత్తిడితో తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 2022లో నివేదిక అందింది. కేరళలో 2019 డిసెంబరు చివర్లో ఇచ్చిన హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టు 19న బయటికి రాగానే, మా నివేదికను కూడా బయటపెట్టండని తెలుగు సినిమా స్త్రీలు ప్రభుత్వాన్ని అడగాల్సి వచ్చింది. స్త్రీలు నోరు తెరిచి చెప్పింది రాసుకుని బీరువాలో పెట్టి తాళం వేయడానికా కమిటీలు?

ఏం అడగాలి?

కోపంతో ఆగితే లాభం లేదు. ఈ కేసు నుంచి మనం అడగాల్సినవి కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఒకటి, పనులు మారుతూ ఉండే ఏ రంగంలోనైనా, అది సినిమా కావచ్చు, భవన నిర్మాణం కావచ్చు, మన సంస్థల ప్రాజెక్టు ఉద్యోగాలు కావచ్చు, ఫిర్యాదు తీసుకునే చోటు యజమాని చేతిలో ఉండకూడదు. బ్రిటన్‌లో ఈ గొడవల తర్వాత సినిమా, టీవీ, నాటక రంగాలకు ఒక స్వతంత్ర ప్రమాణాల సంస్థను నెలకొల్పే పని మొదలైంది. మనకు చట్టంలోనే జిల్లా స్థాయి స్థానిక కమిటీలున్నాయి. మీ జిల్లాలో అది ఉందా, ఎవరున్నారు, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు తీసుకుంది అని కలెక్టరు ఆఫీసుకు వెళ్ళి అడగండి. పేర్ల బోర్డు మాత్రమే ఉంటే ఆ సంగతి రాసి బయటపెట్టండి.

రెండు, అవార్డు, పదవి, గ్రాంటు ఇచ్చే సంస్థలకు పేరు చెప్పని సమాచారం అందినప్పుడు ఏం చేయాలో రాతపూర్వకమైన పద్ధతి ఉండాలి. పేరు లేని ఉత్తరం మీద ఎవరినీ శిక్షించమని మనం అడగడం లేదు. విచారించమంటున్నాం, అందాకా సత్కారం ఆపమంటున్నాం. ఇది మన సంస్థలకూ వర్తిస్తుంది. మన వేదికల మీద శాలువాలు కప్పే ముందు మనం ఎవరినైనా అడుగుతున్నామా?

మూడు, పరువు నష్టాన్ని క్రిమినల్ నేరంగా ఉంచడాన్ని స్త్రీల ఉద్యమం తన సమస్యగా గుర్తించాలి. ఇది పత్రికల వాళ్ళ సమస్య అని ఊరుకుంటే, రేపు ముద్దాయి బోనులో నిలబడేది మన మాట నమ్మి నోరు విప్పిన అమ్మాయి.

నాలుగు, మూడు నెలల గడువు పోవాలి.

ఐదు, కేసు నడిచే కాలంలో సాక్షులుగా నిలిచిన స్త్రీలకు పని దొరికేలా చూడాలి. లాయరు సాయం, కౌన్సెలింగ్ గురించి మనం ఆలోచిస్తాం. మరుసటి నెల ఇంటి అద్దె గురించి అంతగా ఆలోచించం. లండన్‌లో బోనెక్కిన స్త్రీలయినా, ఇక్కడ కమిటీ ముందు కూర్చున్న జూనియర్ ఆర్టిస్టయినా, మర్నాడు మళ్ళీ అదే పరిశ్రమలో పని వెతుక్కోవాల్సిందే.

ఇకమీదట ఎవరైనా మన ముందు 'పాపం అతని కెరీర్' అని నిట్టూరిస్తే మనం తల ఊపి ఊరుకోవద్దు. ఆ సెట్లో ఇంకా ఎవరెవరు పనిచేశారని అడుగుదాం. వాళ్ళలో స్త్రీలు ఎంతమంది, ఇప్పుడు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారని అడుగుదాం. ఆ పేర్లు, ఆ లెక్క వాళ్ళ దగ్గర ఉండదు. ఆ లెక్క రాయాల్సింది మనమే.